రాబోయే గాయం

కాకివాగుకు ఇవతలి ఒడ్డు రేచుకుక్కలది, అవతలి ఒడ్డు అడవిపందులది. వాగు నడుమ ఉన్న బల్లబండ ఎవరిదీ కాదు. ఆ బండ మీద బోడితల రాబందు ఒకటి కూర్చుని అడవికంతటికీ తీర్పులు చెప్పేది. దానికి ఆ పెద్దరికం ఎందుకిచ్చారంటే, ఎవరు చచ్చినా దానికి కూడే గనక ఎవరి పక్షమూ వహించదని. అడవిలో లౌక్యానికి కొదవ లేదు మరి!

ఆ అడవికి ఉన్నది ఒక్కటే కట్టుబాటు. వాగు దాటి ఇంకొకరి మీదికి పోవాలంటే ముందు బండెక్కి గాయం చూపించాలి. రాబందు దాన్ని వాసన చూసి, 'నిజమే, ఇది ఫలానావాళ్ళ పంటి గాటే' అంటే దాటవచ్చు. లేదంటే నోరు మూసుకుని ఇంటికి పోవాలి. కోపం, అనుమానం, తాతలనాటి పగ, ఇవేవీ గాయం కింద చెల్లవు. ఈ ఏర్పాటు ఎప్పటిదో ఎవరికీ తెలియదు గానీ, దాని పుణ్యమా అని అందరూ వాగులో పక్కపక్కనే తలలు వంచి నీళ్ళు తాగేవాళ్ళు.

ఆ ఏడాది రేచుకుక్కల మందకు కెంపి పెద్ద అయింది. ఆ వేసవిలోనే దానికి తొలి కాన్పు. పిల్లలు కళ్ళు తెరిచిన సాయంత్రం, గాలి తిరిగే వేళకు, అవతలి ఒడ్డు నుంచి ఒక చప్పుడు మొదలైంది.

గర్ర్... గర్ర్...

కెంపి చెవులు నిక్కబొడుచుకున్నాయి. రేచుకుక్క చెవిని నమ్ముకుని బతికే జంతువు. దట్టమైన పొదల్లో కన్ను పనికిరాదు. ఒకదానికొకటి ఈల వేసుకుంటూ, బదులు వింటూ వేటాడతాయి. కన్ను మోసం చేసిందంటే నమ్ముతాయేమో గానీ, చెవి తప్పు విందంటే ఏ రేచుకుక్కా ఒప్పుకోదు.

"మామా, వినపడిందా?" అంది కెంపి.

పక్కన ఉన్నది నక్క. మంద తినగా మిగిలిన ఎంగిలే దానికి ఆధారం. ఎండలు ముదిరి వేట తగ్గిపోయాక ఎంగిలీ తగ్గింది, నక్క డొక్కలు లోపలికి పోయాయి.

"వినపడకేం తల్లీ! కోరలు నూరుతున్నట్టున్నారు."

"ఎవరి మీదికి?"

"వాగుకు ఇటుపక్క ఉన్నదెవరు? నువ్వూ, నీ కూనలూ."

కెంపి తొందరపడలేదు. పందుల పెద్ద ఒంటికోరను అడిగి రమ్మని నక్కనే పంపింది. పొద్దెక్కాక నక్క తోక ఈడ్చుకుంటూ తిరిగొచ్చింది.

"ఏమన్నాడు?"

"'మేం కోరలు నూరతాం. నూరకపోతే ఎట్టా?' అన్నాడమ్మా. మొహం మీదే అన్నాడు."

"ఇంకేమన్నాడు?"

"ఇంకేం అనాలి తల్లీ?"

ఆ సాయంత్రమూ చప్పుడు వచ్చింది. మర్నాడూ వచ్చింది. కూనలు పాలు తాగుతూ మధ్యలో ఆగి గుహ వాకిలి వైపు చూసేవి. కెంపికి కంటి మీద కునుకు కరువైంది.

"గాయం లేందే వాగు దాటకూడదు కదా మామా," అంది చివరికి.

"గాయం తగిలాక చూపించడానికి మనముండొద్దూ? చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలన్నారు, వీళ్ళేమో చిన్న పాములు కూడా కాదు. రేపు తగలబోయే గాయం ఇవాళ కనపడదంతే. కనపడనిదల్లా లేనట్టేనా? గాలి కనపడుతోందా ఏం?"

మర్నాడు కెంపి బండెక్కింది. కొండముచ్చులు, ఎలుగులు, దుప్పులు, గుట్ట మీది దుమ్ములగొండులు, అందరూ చుట్టూ చేరారు. పందుల్ని కూడా పిలవద్దా అని ఒక ఎలుగు అడిగితే, "పిలిస్తే జాగ్రత్తపడిపోరూ?" అంది నక్క. అది నిజమే అనుకున్నారు.

"ఏదమ్మా గాయం?" అంది రాబందు.

"ఇంకా తగల్లేదు తాతా. తగిలాక వస్తే ఆలస్యమవుతుంది. ఆ దెబ్బ పడేది నా పిల్లల మీద. చచ్చిన కూనను నోట కరుచుకుని వచ్చి ఈ బండ మీద పెడితే అప్పుడు నమ్ముతావా?"

అక్కడున్న తల్లులందరికీ గుండె చెరువైంది. రాబందు మాత్రం మెడ వంకరగా పెట్టి కెంపిని చాలాసేపు చూసింది. ఆ చూపు కెంపి మొహం మీద లేదు. భుజాల మీద, తొడల మీద, కండ ఎక్కడ ఎంతుందో చూస్తున్నట్టు ఉంది. 

"ఇట్టాంటి మాట ఈ బండ ఎన్నడూ వినలేదు," అంది రాబందు మెల్లిగా. "కానీ కన్నతల్లి భయం ఊరికే పోదు. రాబోయే గాయమూ గాయమే. దాటండి."

అందరూ తలలూపారు. ఆ తీర్పును ఎవరి మనసులో వాళ్ళు భద్రంగా మోసుకుపోయారు.

ఇక దాడి పథకం కెంపిదే, దానికి వంక పెట్టడానికి లేదు. మిట్టమధ్యాహ్నం పందులు బురదగుంటలో పొర్లాడే వేళ ఎంచుకుంది. గాలికి ఎదురుగా వెళ్ళింది. సగం మందను గట్టు వెనక కాపు పెట్టి, మిగతా సగంతో గుంట చుట్టూ బిగించింది. తడిసి బరువెక్కిన పందులు లేచి నిలబడేలోపే సగం పని అయిపోయింది, ఎండ వాలేసరికి అంతా అయిపోయింది. కూనపందుల్ని కూడా వదల్లేదు. పథకంలో ఆ మాట లేదు. కానీ దాడి మొదలయ్యాక పథకం ఎవరికి గుర్తుంటుంది?

ఒంటికోర బురదలో పక్కకు ఒరిగి, కొన ఊపిరితో కెంపి వంక చూసింది. "నీ నక్కతో చెప్పి పంపానుగా కెంపమ్మా... గడ్డలు తవ్వుకు తినేవాళ్ళం, కోరలు నూరకపోతే ఎట్టా, అయినా ఆ గరగర మాది కాదు, నువ్వే ఓసారి వచ్చి చూసిపో అని... రాలేదేం మరి?"

 ఒంటికోర కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ, వాటిలో చూపు ఆగిపోయింది. అడవి అంతా చెవులు మూసినట్టు నిశ్శబ్దం. ఈగలు కూడా ఇంకా రాలేదు. అప్పుడు గాలి తిరిగింది.

గర్ర్... గర్ర్...

మంద మొత్తం బిగుసుకుపోయింది. పందులన్నీ ఎదురుగా చచ్చి పడున్నాయి. చప్పుడు మాత్రం వస్తూనే ఉంది, రోజూ వచ్చే వైపు నుంచే.

కెంపి ఒక్కతే అటు నడిచింది. ఒక్కో అడుగుకూ వీపు మీద బొచ్చు లేస్తోంది. గట్టు ఎక్కి చూస్తే వెదురుపొద. ఆ ఏడాది వెదురు పూసింది. పూసిన వెదురు బతకదు గదా, పొదంతా ఎండి తెల్లబడి నిలబడి ఉంది. గాలి వచ్చినప్పుడల్లా రెండు ఎండు బొంగులు ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి. చుట్టూ ఎవరూ లేరు. ఎప్పుడూ ఎవరూ లేరు. కెంపి ఆ రెండు బొంగుల ముందు పొద్దు గూకేదాకా కదలకుండా నిలబడింది. వాటిని కరిచి విరిచెయ్యాలనిపించింది, కానీ దగ్గరికి పోవడానికి భయమేసింది.

తిరిగొచ్చేసరికి నక్క మూతి నెత్తురు నాక్కుంటోంది. "ఏముందక్కడ తల్లీ?"

"ఏం లేదు," అంది కెంపి. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. సిగ్గుతో చచ్చిపోతూ ఆ మాట అంది.

ఆ తరవాత వరసపెట్టి అందరూ బండెక్కడం మొదలుపెట్టారు. చిరుత కూన రేపు చెట్లెక్కడం నేర్చుకుంటుందని కొండముచ్చులు వచ్చాయి. సరే అంది రాబందు. కొండముచ్చులు పైనుంచి రేపు రాళ్ళు వేస్తాయేమోనని ఎలుగులు వచ్చాయి. దానికీ సరే అంది. ఎవరి ఒంటి మీదా గీత కూడా లేదు, రోజూ పీనుగులు మాత్రం లేస్తున్నాయి. రాబందు ఎంత బలిసిందంటే, బండ మీద నుంచి ఎగరడం మానేసింది.

పందులు ఉన్నన్నాళ్ళూ వాటి కోరలకు జడిసి గుట్ట దిగని దుమ్ములగొండులు, ఖాళీ అయిన ఒడ్డున దర్జాగా కాపురం పెట్టాయి. వాగులో నీళ్ళు తాగడానికి ఇప్పుడు ఎవరూ తల వంచడం లేదు. కళ్ళు పైకెత్తి, నాలుక మాత్రం కిందికి చాపి గతుకుతున్నారు. వెళ్ళేటప్పుడు వెనక్కి తిరగకుండా వెనకడుగులు వేస్తూ పొదల్లోకి పోతున్నారు. నెమళ్ళు కూయడం లేదు. ఒక సాయంత్రం కెంపి నీళ్ళలోంచి మూతి తీసి చూస్తే, రెండు ఒడ్ల మీదా ఉన్నవాళ్ళంతా తననే చూస్తున్నారు. ఒక్కరి రెప్పా వాలలేదు.

మర్నాడే బండ దగ్గరికి రమ్మని కబురు.

బండ మీద ముసలి దుమ్ములగొండి నిలబడి ఉంది. దాని పక్కన నక్క.

"మామా, నువ్వా?" అంది కెంపి.

"నాదేముంది తల్లీ, ఎంగిలి ఎక్కడుంటే నేనక్కడ."

దుమ్ములగొండి గొంతు ఎంతో మర్యాదగా ఉంది. "కెంపి వదినకు కూనలున్నాయి తాతా. ముద్దుగానే ఉన్నాయి. పళ్ళు వస్తున్నాయి. వాటి అమ్మ పట్టపగలు ఏం చేసిందో అందరం చూశాం. మొక్కై వంగనిది మానై వంగుతుందా?"

కెంపి ముందుకు దూకింది. "నా పిల్లలు ఎవరిని కరిచారు? ఏదీ, గాయం చూపించు! అవి ఎవరినైనా కరిచాక రా, అప్పుడు మాట్లాడదాం!"

"కరిచాక వస్తే ఆలస్యమవుతుంది కదమ్మా," అంది రాబందు జాలిగా. "నువ్వు చెప్పేదాకా నాకూ తెలియలేదు."

కెంపి దాచుకున్నదంతా అప్పుడు కక్కేసింది. "నేను చెప్పింది తప్పు తాతా! ఆ చప్పుడు పందులది కాదు, ఎండు వెదుళ్ళది! నా కళ్ళారా చూశాను. వాళ్ళు మాకేం చెయ్యబోలేదు. ఆ తీర్పు కొట్టెయ్!"

 దుమ్ములగొండి తల పక్కకు వంచింది.

"అయితే, వెదురు చప్పుడుకే ఒక జాతిని తుడిచిపెట్టావా వదినా? మేం భయపడింది చాలా తక్కువే అన్నమాట."

"పొద్దు గుట్ట దిగేదాకా నీకు గడువు, ఆ తరవాత వాళ్ళు వాగు దాటతారు," అంది రాబందు.

కెంపి తన ఒడ్డుకు పరుగెత్తి మందను పిలుస్తూ ఈల వేసింది. బదులు రాలేదు. గొంతు చించుకుని మళ్ళీ వేసింది. పొదల్లో అంతా ఉన్నారు, వాళ్ళ వాసన వస్తోంది, ఊపిరి వినపడుతోంది. కెంపి పక్కన నిలబడితే రేపు తమకేమవుతుందోనని లెక్కేసుకుంటూ ఒక్కరూ మూతి విప్పలేదు.

కూనల్ని ఒక్కొక్కటిగా మెడ కరుచుకుని కెంపి అడవి దాటింది. పక్క అడవి పొలిమేరలో జంతువులు బారులు తీరి నిలబడి ఉన్నాయి. "నీ గురించి విన్నాం, రావద్దు," అన్నాయి. ఆ పై అడవిలోనూ అదే మాట. ఎక్కడికి పోయినా తనకంటే ముందు ఆ తీర్పు చేరిపోయింది. అక్కడి తల్లులంతా తన మొహం చూడకుండా కూనల పళ్ళ వంకే చూస్తున్నారు.

చివరికి వాగు ఎగువన, ఎండిపోయిన పాయ నడుమ ఇసుకలో గుంట తవ్వి కూనల్ని పడుకోబెట్టింది. అది ఏ ఒడ్డూ కాదు గనక అక్కడికి ఎవరూ రారు. కూనలు ఒకదాని చెవి ఒకటి కొరుక్కుంటూ ఆడుకుంటున్నాయి. కొండల మీద మబ్బు నల్లగా కమ్మింది, ఎక్కడో పైన వాన మొదలైన వాసన వస్తోంది. కెంపి ఇటు ఒడ్డు చూసింది, అటు ఒడ్డు చూసింది. రెండు ఒడ్ల మీదా కళ్ళు, వరసగా, కదలకుండా, పాయలోకి దిగబోయే వరద కోసం ఎదురుచూస్తున్నాయి.

ఒకరి భయాన్ని న్యాయమని ఒప్పుకున్న చోట, అందరి భయమూ న్యాయమే అవుతుంది.