నాగూరమ్మ వాకిలి

కుందూ ఒడ్డున పీరయ్య తాత తకియాలో, అంటే ఆయన ఫకీర్ల మఠంలో, చేరి ఏడాదైనా, దస్తగిరికి ఒక్క నియమం మాత్రం మింగుడు పడలేదు.

అది విషజ్వరాల ఏడు. ఊళ్లో ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్లకు తకియాలోని ఫకీర్లు పొద్దున్నే జొన్నగంజి కాచి పంపేవారు. తీసుకెళ్లే శిష్యుడు వేణ్నీళ్లతో చేతులు కడుక్కోవాలి. ముంత అరుగు మీద పెట్టి, పదడుగులు వెనక్కి నడిచి, అప్పుడు పిలవాలి. మాట్లాడేదేదో వీధిలోంచే మాట్లాడి రావాలి. గడప తొక్కకూడదు. జ్వరమున్న ఇళ్లకు వెళ్లే శిష్యులు వేరు. వాళ్లు ముసలివాళ్ల వైపు రానే కూడదు.

ఇదేం సేవ, వెలేసినవాళ్లకు విసిరినట్టు, అని దస్తగిరి తోటి శిష్యుల దగ్గర గొణిగేవాడు. అతనికి పాతికేళ్లు. రాయిలాంటి ఒళ్లు. చావంటే లెక్కలేదు. ఆ లెక్కలేనితనం చూసుకుని లోలోపల కాస్త మురిసిపోయేవాడు కూడా.

ఒకనాడు దారిలో ఒక ఇంట్లో జ్వరపడ్డవాళ్లెవరో మూలుగుతుంటే లోపలికెళ్లి నీళ్లు తాగించాడు. అటునుంచి అటే నాగూరమ్మ అవ్వ ఇంటికి వెళ్లాడు. ఆమెకు ఎనభై దాటాయి. ఆ రోజు ముంత అరుగు మీద పెట్టలేదు. లోపలికే పోయి, తన చేత్తో గంజి తాగించి, ఆమె కాళ్లు పట్టాడు.

"మనిషి చెయ్యి తగిలి నలభై దినాలాయ నాయనా" అని అవ్వ ఏడ్చింది. దస్తగిరీ ఏడ్చాడు. ఆ కన్నీళ్లు నిజమైనవే, వాటికి వంక పెట్టడానికి లేదు.

తకియాకు తిరిగొచ్చి జరిగిందంతా తాతకు చెప్పాడు. భుజం తడతాడనే అనుకున్నాడు.

తాత అంతా విన్నాడు. "దానికి ముందు యాడున్నావు?" అని అడిగాడు.

దస్తగిరి చెప్పాడు. ఆ పూట తాత అన్నం ముట్టలేదు.

మర్నాటి నుంచి నాగూరమ్మ గంజి తాతే మోసుకెళ్లాడు. దస్తగిరిని ఎడంగా వెంట రమ్మన్నాడు. అసలే మోకాళ్ల నొప్పుల మనిషి. ఒక చేతిలో ముంత, చంకలో చిన్న పీట. ముంత అరుగు మీద పెట్టి, పదడుగులు వెనక్కి వచ్చి, ఎండలోనే పీట వేసుకుని కూర్చున్నాడు.

"అక్కా" అని పిలిచాడు.

ఊరందరికీ తాత అయిన మనిషికి ఒక అక్క ఉందని, ఆమె ఈమేనని దస్తగిరికి ఎవరూ చెప్పలేదు.

లోపల గడియ తీసిన చప్పుడు కావడానికి చాలాసేపు పట్టింది. అవ్వ తలుపు పట్టుకుని నిలబడి కళ్లు చికిలించింది. "వచ్చినావా చిన్నోడా" అంది.

ఇక మొదలైంది. నాయన దూదేకే వింటి మోత, ఇల్లంతా ఎగిరే దూది, అది జుట్టులో చిక్కుకుంటే తమ్ముణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని అక్క ఒక్కో పింజా ఏరిన మధ్యాహ్నాలు. అమ్మ పోయాక పిల్లవాణ్ణి చంకనేసుకుని పరుపులు కుట్టడానికి ఊరూరా తిరిగింది ఆమేనట. రొట్టె ముక్క నమిలి నోట్లో పెట్టిందీ ఆమేనట. పళ్లు లేని నోళ్లతో ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. ఆ రోజులు గుర్తున్నవాళ్లు లోకంలో ఇక వీళ్లిద్దరే. ఒకరు అరుగు మీద, ఒకరు వీధిలో.

"రోంత దగ్గరికి రారా, చూపు ఆనడంల్యా" అంది అవ్వ.

తాత పీట మీంచి సగం లేచాడు. చెయ్యి కూడా చాచాడు. ఆ చెయ్యి కాసేపు గాలిలోనే ఉండి, మళ్లీ ఒళ్లోకి వచ్చింది. "నాకు నువ్వు బాగానే కనపడతాండావు అక్కా" అని కూర్చున్నాడు.

ఎనిమిది రోజులు అలాగే వెళ్లారు. ఆ ఎనిమిది పొద్దుల గురించి చెప్పబోయి, ముసలివాడైపోయాక కూడా దస్తగిరి మధ్యలోనే లేచి వెళ్లిపోయేవాడు. తాత పిలుపుకీ గడియ చప్పుడుకీ మధ్య అతను అంకెలు లెక్కపెట్టుకునేవాడు. ఐదోనాడు ఎంతసేపటికీ గడియ తీయలేదు. తాత రెండోసారి పిలవలేదు, పీట అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. చావుకు భయపడని దస్తగిరి, అవ్వకు గంజి తాగించిన తన చేతులకేసి చూడలేక గోడకు మొహం తిప్పుకున్నాడు. చివరికి అవ్వ వచ్చింది. తెల్లారుజామున కునుకు పట్టిందట.

తొమ్మిదోనాడు అవ్వ గట్టిగా నిలబడి, గంజిలో ఉప్పు వేయడం మీ తకియాలో ఎవరికీ చేతకాదా అని తిట్టిపోసింది. దస్తగిరి నుంచి జ్వరం అంటి ఉంటే ఈపాటికి బయటపడేదని ఊరి వైద్యుడు చెప్పాడు. గండం గడిచింది. దస్తగిరి వీధి మలుపు దాకా ఎలాగో వచ్చి, అక్కడ కూలబడి ఏడ్చాడు. తాత పక్కనే నిలబడి అతను లేచేదాకా ఆగాడు.

తకియా దగ్గర పడ్డాక దస్తగిరి ఉండబట్టలేక అడిగాడు. "అవ్వ అంతగా పిలిచ్చాంటే, ఒక్కసారన్నా దగ్గరికి పోవాలని నీకు అనిపించల్యా తాతా?"

తాత పీట ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకున్నాడు.

"దగ్గరికి పోయేది నాకూ వచ్చు నాయనా" అన్నాడు.