గంగమ్మ ముక్కుపుల్ల

అనగనగా ఒక ఊళ్ళో గోడ మీద గడియారం లేదు, ఎవరి చేతికీ వాచీ లేదు. పొద్దున్నే లేపడానికి ఒక కోడిపుంజు ఉండేది గానీ, అది ఊరందరికంటే సోమరిది. మరి వాళ్ళకి టైమెలా తెలిసేదంటావా? దుప్పటి సరిగ్గా కప్పుకో అమ్మలూ, అదే చెబుతున్నాను.

ఆ ఊరి పేరు ఊటపల్లె. కొండ కింద నేలలోంచి నీళ్ళు ఊరి, సన్నటి కాలువై పారేవి. ఊరికంతా ఆ ఒక్క కాలువే ప్రాణం. దాని కింద పది కుటుంబాల చేలు. నీళ్ళు కొంచెం, ఆశలు ఎక్కువ. అందుకని పెద్దవాళ్ళు ఎప్పుడో ఒక కట్టుబాటు పెట్టారు. పగలంతా వంతుల ప్రకారం చేలకి. పొద్దు గుంకగానే నీళ్ళు పశువుల గుంటకి మళ్ళించాలి. నోరులేని జీవాల నీళ్ళు ఎంతటివాడైనా ముట్టకూడదు.

మరి వంతు కొలిచేదెలా? కాలువ మొదట్లో ఒక రాతి చావిడి ఉండేది. అందులో పెద్ద గంగాళం, దాన్నిండా నీళ్ళు. ఆ నీళ్ళ మీద ఒక రాగిగిన్నె తేలుతూ ఉండేది. గిన్నె అడుగున సన్నటి బెజ్జం. ఆ బెజ్జంలోంచి నీళ్ళు కొంచెం కొంచెంగా లోపలికి ఎక్కి, ఎక్కి, నిండగానే గిన్నె బుడుంగుమని మునిగేది. అలా మునగడానికి పట్టే కాలమే ఒక గడియ. మన లెక్కలో ఇరవై నాలుగు నిమిషాలు. నీ బడిలో ఒక పీరియడ్‌లో సగానికి కాస్త ఎక్కువ. పూర్వం మన దేశంలో చాలా చోట్ల కాలాన్ని ఇలాగే కొలిచేవాళ్ళు.

గిన్నె దగ్గర కూర్చునేవాడు నాగన్న. ముప్పై ఏళ్ళుగా అదే పని. గిన్నె మునగగానే ఠంగుమని గంట కొట్టేవాడు. ఒక చింతపిక్క ఈ చిప్పలోంచి తీసి ఆ చిప్పలో వేసేవాడు. గిన్నె పైకి తీసి, వంచి, మళ్ళీ తేలేసేవాడు. పగటికి ముప్పై గడియలు. ఇంటికి మూడు చొప్పున పది ఇళ్ళు. పది మూళ్ళు ఎంత? ఆఁ, ముప్పై. సరిపోయిందా?

నాగన్న కోడలు తిప్పక్క. ఆ ఇంటికొచ్చి ఆరు నెలలే. రోజూ తెల్లారేసరికి ఊటనీళ్ళు తెచ్చి గంగాళం నింపడం, గిన్నెకి బొట్టు పెట్టడం ఆమె పని. పనిలోకి దిగిన మొదటిరోజే మామగారు చెప్పాడు.

"గిన్నెని తోమకూడదు తల్లీ. బూడిద తగలకూడదు, గోరు తగలకూడదు. బెజ్జం వెంట్రుకంత పెద్దదైనా ఊరి కాలం చెడిపోతుంది."

పూజపెట్టెలో ఇంకో వస్తువు ఉండేది. నాలుగు వేళ్ళ వెడల్పంత పొడవున్న బంగారు తీగ, సూదిలా నిటారుగా. దానికీ రోజూ బొట్టే.

"ఇదేంటి మామా?"

"గంగమ్మ ముక్కుపుల్ల. మా తాతల కాలం నుంచీ ఉంది."

ఇంత పొడుగు ముక్కుపుల్లా, అనుకుంది తిప్పక్క. చివర రాయి లేదు, మెలిక లేదు. ఇది ముక్కుకి ఆగేదెలా? కానీ కొత్తకోడలు కదా, నోరు మూసుకుంది.

శివరాత్రి దాటింది. చలి శివశివా అంటూ వెళ్ళిపోయింది. పగలూ రాత్రీ సరిసమానంగా ఉండే రోజులొచ్చాయి. అప్పుడు మొదలైంది కష్టం.

పదో వంతు, అంటే చిట్టచివరి వంతు, మద్దక్కది. మొగుడు పోయిన మనిషి. ఆమెకున్నది ఒక్క మిరపచేను, అది పూతమీద ఉంది. ఒకరోజు ముప్పయ్యో గిన్నె సగం నిండగానే పొద్దు గుంకింది. మబ్బు కమ్మిందేమోలే అన్నాడు నాగన్న. కొన్నాళ్ళకి ఇరవై తొమ్మిదో గిన్నెకే గుంకింది. ఆ తర్వాత ఇరవై ఎనిమిది. ఆ తర్వాత ఒకరోజు ఇరవై ఏడో చింతపిక్క చిప్పలో పడగానే సూర్యుడు కొండ వెనక్కి దిగిపోయాడు. మద్దక్క వంతు మొదలే కాలేదు.

మద్దక్క చావిడి దగ్గరికి వచ్చింది. అరుగు మీద కాలు పెట్టి చూపించింది.

"చూడు నాగన్నా, నా కాళ్ళు చూడు. చేనికి నీళ్ళు కట్టిన మనిషి కాళ్ళేనా ఇవి? మోకాలిదాకా దుమ్ము! నా నీళ్ళు ఎవరికి పోశావు?"

"గిన్నె మునిగినప్పుడల్లా గంట కొట్టానక్కా. అంతకుమించి నాకు తెలీదు."

"అయితే నా నీళ్ళు నీ గిన్నె తాగేసిందా?"

నవ్వకు అమ్మలూ. అక్కడ ఎవరూ నవ్వలేదు. ఊరంతా గుమిగూడింది. ఊరిపెద్ద బసప్ప అన్నాడు:

"మూడు రోజులు గడువు నాగన్నా. మూడోనాటి పొద్దు గుంకేలోపు మద్దక్క మూడు గడియలూ ఆమెకి అందాలి. అందకపోతే ఆ గంట ఇంక నీ చేతిలో ఉండదు."

"గంట పోతే నేనూ ఈ ఊళ్ళో ఉండను బసప్పా. దొంగ అనిపించుకుని ఈ నీళ్ళు తాగలేను."

ఆ పూట నాగన్న కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, తినకుండానే లేచాడు. తిప్పక్క ఆ కంచం తీస్తూ ఆలోచనలో పడింది. ఈ మనిషి అబద్ధమాడడు. మరి నీళ్ళెటు పోతున్నాయి?

మొదటిరోజు. ముసలాడు కునుకు తీస్తున్నాడు, గిన్నె మునిగాక ఎప్పటికో లేచి గంట కొడుతున్నాడు, అన్నాడు ఎర్రప్ప. ఆయనది తొమ్మిదో వంతు. నోరు జాస్తి. పొద్దు పొడిచింది మొదలు ఎర్రప్పే గంగాళం ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. సంగటి కూడా అక్కడికే తెప్పించుకు తిన్నాడు. సాయంత్రానికి ఎన్ని చింతపిక్కలు? ఇరవై ఏడే.

"నేను రెండుసార్లు తూగానేమో గానీ, ఆయన రెప్ప వెయ్యలేదప్పా" అని ఒప్పుకున్నాడు ఎర్రప్ప.

రెండోరోజు. అయితే గిన్నెకే కోపమొచ్చింది, శాంతి చెయ్యాలి, అన్నారు. ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చి గిన్నెకి లోపలా బయటా పసుపు మెత్తారు. కుంకుమ పెట్టారు, గంధం అలికారు. గిన్నె పెళ్ళికూతురులా తయారైంది. సాయంత్రానికి ఎన్ని? ఇరవై ఆరు! ఒకటి ఇంకా తగ్గింది. ఈసారి ఎర్రప్ప వంతుకీ గండి పడింది. నిన్న చమత్కారాలాడినవాడు ఇవాళ గుండెలు బాదుకున్నాడు.

మద్దక్క మళ్ళీ వచ్చింది. ఈసారి ఏమీ అనలేదు. కాళ్ళు చూపించి, కొంగులోంచి రాలిన మిరపపూత తీసి అరుగు మీద పోసి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది అనుకుంది తిప్పక్క.

ఇక మూడోరోజు. తెలతెలవారుతోంది. తిప్పక్క కొమ్ముచెంబుతో మామగారికి ముఖం కడుక్కోను నీళ్ళు పోస్తోంది. చెంబు కొమ్ములోంచి నీళ్ళు దారంలా సన్నగా వస్తున్నాయి. ఊటనీళ్ళు ఉప్పునీళ్ళు కదా, నెలకోసారి కొమ్ము పూడుకుపోవడం ఆమెకి అలవాటే. చీపురుపుల్ల విరిచి కొమ్ములో పొడిచింది. తెల్లటి పెచ్చులు రాలిపడ్డాయి. నీళ్ళు ధారగా వచ్చాయి.

రాలిన పెచ్చుల వంక చూస్తూ ఉండిపోయింది తిప్పక్క.

కొమ్ముచెంబుకి పుల్ల ఉంది. మరి గిన్నెకి?

చావిడిలోకి పరుగెత్తింది. గిన్నె ఎత్తి వెలుతురుకి పట్టి చూసింది. బెజ్జం చుట్టూ తెల్లగా పెచ్చు కట్టింది, దాని మీద పసుపు పేరుకుంది. పూజపెట్టె తెరిచి బంగారు తీగ తీసింది. బెజ్జానికి ఆనించింది. దూరలేదు.

అప్పుడు వెళ్ళి మామగారికి చెప్పింది. నాగన్న ముఖం పాలిపోయింది.

"వద్దు తల్లీ. బెజ్జం పెద్దదైతే ఈ ఊరికి ఇంకో గిన్నె లేదు. చేసినవాళ్ళు ఎక్కడివాళ్ళో కూడా ఎవరికీ తెలీదు."

"గిన్నె చేసినవాళ్ళే ఈ తీగ కూడా ఇచ్చి ఉంటారు మామా. ఇది పట్టేటంత బెజ్జం ఉంటే గడియ సరిగ్గా ఉన్నట్టు. ఎప్పుడో ఒక తరంలో చెప్పడం మర్చిపోయారు. అప్పటినుంచీ బొట్టు పెడుతున్నాం."

ఇంతలో జనం వచ్చేశారు. సంగతి విని గొల్లుమన్నారు. గంగమ్మ ముక్కుపుల్లతో గిన్నెని పొడుస్తుందట! ఆరు నెలల కోడలికి ఇంత తెగువా!

బసప్ప చెయ్యెత్తాడు. "బెజ్జం చెడితే ఏం చేస్తావమ్మా?"

తిప్పక్క నోరు తెరిచేలోపే జవాబు నాగన్న చెప్పాడు.

"చెడితే మేం కట్టుగుడ్డలతో వెళ్ళిపోతాం. ముప్పై ఏళ్ళు గిన్నెని నమ్మాను. ఇవాళ నా కోడల్ని నమ్ముతాను. కానియ్యి తల్లీ."

తిప్పక్క కళ్ళకద్దుకుని తీగని బెజ్జంలో పెట్టింది. మెల్లగా తిప్పింది. కదల్లేదు. ఇంకొంచెం తిప్పింది. టప్‌మని చిన్న చప్పుడు. ఒక తెల్లటి పెచ్చు ఊడి గంగాళంలో పడింది. తీగ అవతలికి దిగింది. అటు కదపబోతే కదల్లేదు, ఇటు కదపబోతే కదల్లేదు. వేలికి ఉంగరంలా అతికినట్టు పట్టింది.

"చూశారా? పెద్దది కాలేదు. ఎంత ఉండాలో అంతే ఉంది" అంది తిప్పక్క. నుదుటి చెమట తుడుచుకుంది.

సూర్యుడు పొడిచాడు. మొదటి వంతు బసప్పదే. గిన్నె తేలేశారు. మూడుసార్లు మునిగింది, మూడు గంటలు మోగాయి. బసప్ప తమ్ముడు చేలోంచి పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, మోసం! చివరి మడి తడవకుండానే గంట మోగిపోయింది. ఇన్నాళ్ళూ తడిసింది కదా!"

రెండో వంతువాళ్ళూ అదే మాట. మూడోవాళ్ళూ అదే మాట. బెజ్జం పెద్దదైపోయింది, కొంప మునిగింది, అని గోల మొదలైంది. తిప్పక్కకీ అనుమానమొచ్చింది. ఒకవేళ నిజమేనేమో? పెచ్చుతో పాటు రాగి కూడా ఊడిందేమో? మళ్ళీ తీగ పెట్టి చూడాలన్నా గిన్నె నీళ్ళమీద ఉంది, ఆపడానికి లేదు. నిజం తేల్చగలిగినవాడు సూర్యుడొక్కడే. ముప్పయ్యో గిన్నెకి ముందే గుంకితే ఊరు వదలాలి. తర్వాత చాలాసేపు పొద్దుంటే, బెజ్జం పాడైనట్టే. అప్పుడూ ఊరు వదలాలి.

పగలంతా ఆమె అరుగు దిగలేదు, నీళ్ళు తాగలేదు.

ఇరవై నాలుగో చింతపిక్క. ఎర్రప్ప వంతు మొదలు. ఇరవై ఏడు. తిప్పక్క తలెత్తి చూసింది. సూర్యుడు కొండ మీద ఇంకా జానెడెత్తున ఉన్నాడు! కాలువ గట్టుకి మడవ తెరిచి నీళ్ళు మద్దక్క చేనికి తిప్పారు. ఎన్నాళ్ళకో ఆ వైపు నీళ్ళు కదిలాయి.

ఇరవై ఎనిమిది. ఠంగ్.

ఇరవై తొమ్మిది. ఠంగ్. సూర్యుడు కొండకి దగ్గరయ్యాడు.

ముప్పయ్యో గిన్నె. సగం నిండింది. సూర్యుడి అంచు కొండకి తగిలింది. ముప్పాతిక నిండింది. సూర్యుడు సగమయ్యాడు. అందరూ గంగాళం మీదికి వంగారు. ఎర్రప్ప కూడా. గిన్నె అంచు నీళ్ళతో సమానమైంది. సూర్యుడు ఎర్రటి దారంలా మిగిలాడు. మునుగు తల్లీ, మునుగు, అనుకుంది తిప్పక్క పళ్ళు బిగించి.

బుడుంగ్!

గంట మోగింది. కొండ వెనక దారం తెగింది. రెండూ ఒక్కసారే.

బసప్ప తల వంచుకున్నాడు. అప్పుడర్థమైంది అందరికీ. ఇన్నాళ్ళూ గిన్నె మెల్లగా మునుగుతుంటే తొమ్మిది ఇళ్ళకీ తలా గుక్కెడు ఎక్కువ పారింది. ఆ తొమ్మిది గుక్కెళ్ళూ కలిస్తే మద్దక్క చేను. దొంగ ఎవరూ లేరు. కానీ అందరి చేలలోనూ ఆమె నీళ్ళే.

"నా చివరి మడి ఇన్నాళ్ళూ మద్దక్క నీళ్ళతో తడిసింది" అన్నాడు బసప్ప. "రేపు నా మూడు గడియలూ ఆమెవే." ఆ తర్వాత మిగతావాళ్ళూ ఒక్కొక్కరే ముందుకొచ్చారు. ఎర్రప్ప అందరికంటే చివర వచ్చాడనుకో, వచ్చాడు మాత్రం.

చీకటి పడుతుండగా మద్దక్క వచ్చింది. వచ్చి అరుగు మీద కాలు పెట్టింది. మోకాలిదాకా బురద! నల్లగా, తడిగా, మెరిసే బురద.

"చూడు నాగన్నా, నా కాళ్ళు" అంది.

తిప్పక్క ఎప్పుడూ శుభ్రంగా కడిగే అరుగు అది. ఆ రాత్రి ఆ బురద అడుగులు మాత్రం కడగలేదు. ఇంటికెళ్ళి నాగన్న రెండు సంగటి ముద్దలు తిని, మూడోది అడిగాడు.

ఆ తర్వాత నుంచి ఆ ఊళ్ళో అమావాస్యకి ఒకసారి, పున్నమికి ఒకసారి, తీగ గిన్నెలో దిగాకే బొట్టు పెట్టేవాళ్ళు. పిల్లలకి కూడా చెప్పేవాళ్ళు, ఇది ఎందుకో, మళ్ళీ ఎవరూ మర్చిపోకుండా.

ఇప్పుడు గిన్నెలు పోయి గోడ మీదికి తిరిగే ముళ్ళొచ్చాయి. అయినా చూడు, దాన్ని మనం గడియారమనే అంటాం. పాతగిన్నె కొలిచిన గడియ పేరు దాన్నింకా వదల్లేదు. సరే, ఇక కళ్ళు మూసుకో.

గిన్నె మునిగె నీటికి,
గంట మోగె ఊరికి,
నీరు చేరె చేనికి,
నిద్ర చేరె కంటికి,
కథ నడిచె కంచికి,
మనమింక ఇంటికి.