మూడో వరుసలో చెయ్యి

ఓబులేసు చెడ్డ పంతులేం కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. రాయచోటి పక్కన ఒక ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పేవాడు. జ్వరమొచ్చి బడికి రాని పిల్లలకు పాఠం పోకూడదని, తరగతి వెనక గోడ దగ్గర ఫోను నిలబెట్టి రికార్డు చేయడం మొదలుపెట్టాడు. ఏడాది తిరిగేసరికి యూట్యూబులో పన్నెండు వేల మంది చేరారు. ఎక్కడెక్కడి పిల్లలో నమస్కారాలు పెట్టేవాళ్లు. ఓబులేసు ఇస్త్రీ చొక్కాలు కూడా పెరిగాయి.

చిక్కల్లా తన సొంత తరగతితో వచ్చింది. నలభై మంది పిల్లలు నోరు విప్పడం మానేశారు. చౌడేశ్వరి అనే పిల్ల ఒకప్పుడు ప్రశ్నలతో ప్రాణం తీసేది. ఇప్పుడు తల దించుకుని కూర్చుంటోంది. ఏమ్మా అని అడిగితే, "నాకు సైన్సు రాదులే సార్" అంది. ఆ మాట ఓబులేసుకు ముల్లులా గుచ్చుకుంది.

ఆదివారం పొద్దున తనకు లెక్కలు చెప్పిన ఖాదర్ వలీ సారు ఇంటికి వెళ్లాడు. సారు రిటైరై పదహారేళ్లయింది. చిరిగిన పాఠ్యపుస్తకాలు తెప్పించుకుని, మైదా జిగురు పెట్టి అతికించి, వచ్చే ఏడాది పిల్లలకు ఇస్తుంటాడు. అప్పుడూ అదే పనిలో ఉన్నాడు.

"ఫోను మానేద్దామనుకుంటున్నా సార్," అన్నాడు ఓబులేసు. "బయట పన్నెండు వేల మంది వింటున్నారు. లోపల ఒక్కరూ మాట్లాడరు."

"ఏదీ, ఒక పాఠం చూపీ."

ఓబులేసు అద్దాల పాఠం పెట్టాడు. పదకొండు నిమిషాలు. బోర్డూ, ఓబులేసూ తప్ప ఇంకేమీ కనబడవు. సారు చివరిదాకా చూశాడు.

"పిల్లోళ్లు యాడ?"

"తలకాయలు అడ్డమొస్తాయని బొమ్మ కిందిభాగం కోసేసినా సార్. ఆగినచోట్లు, తడబడినచోట్లు గూడా తీసేసినా."

"కోయకముందుది ఉందా?"

"ఉంది సార్. నలభై నిమిషాలు."

"పెట్టు."

పెట్టాడు. ఈసారి బొమ్మలో సగం పిల్లల తలలే. ఏడో నిమిషంలో, మూడో వరుసలో కిటికీ పక్కన ఒక చెయ్యి లేచింది. రెండు జడలు. చౌడేశ్వరి.

తెర మీది ఓబులేసు ఆ చేతి మీదుగా ఫోను వైపు చూసి, "ఇక్కడిదాకా అర్థమైంది కదా ఫ్రెండ్స్," అని బోర్డుకేసి తిరిగాడు.

ఖాదర్ వలీ సారు పుస్తకం పక్కన పెట్టి చెయ్యి పైకెత్తాడు.

ఆపమంటున్నాడేమో అని ఓబులేసు ఫోను అందుకోబోయాడు. సారు వద్దన్నట్టు తల ఊపాడు. చెయ్యి మాత్రం దించలేదు.

పాఠం సాగుతోంది. ఆ పిల్ల చెయ్యి అలాగే ఉంది. సారు చెయ్యీ అలాగే ఉంది. కాసేపటికి పిల్లకు నొప్పి పుట్టిందేమో, చెయ్యి మార్చింది. సారూ మార్చాడు. డెబ్బై నాలుగేళ్ల చెయ్యి. మైదా జిగురు మోచేతి దాకా కారింది.

"సార్, దించండి సార్," అన్నాడు ఓబులేసు.

సారు దించలేదు. పదకొండో నిమిషంలో ఆ పిల్ల చెయ్యి మెల్లగా కిందికి దిగింది. అప్పుడు దించాడు.

ఓబులేసు ఫోను ఆపేశాడు. సిగ్గుతో సారు మొహం చూడలేకపోయాడు. సారు మళ్లీ పుస్తకం అందుకున్నాడు.

"మంచి ఫోనప్పా," అన్నాడు. "నువ్వు చూడందాన్ని గూడా చూసి పెట్టింది."

సోమవారం ఓబులేసు ఆ వీడియో చౌడేశ్వరికి చూపించాడు. "నేను చూడలేదమ్మా, తప్పు నాదే. ఆ పొద్దు ఏం అడగాలనుకున్నావు?"

ఆ పిల్ల తన చెయ్యిని తానే వింతగా చూసుకుంది. తర్వాత చెప్పింది. "అద్దంలో కుడి ఎడమైతుంది గదా సార్. మరి తలకాయ కిందికెందుకు రాదు?"

ఓబులేసు చెప్పబోయి ఆగాడు. పన్నెండేళ్లుగా ఆ పాఠం చెబుతున్నాడు. ఆ ప్రశ్న తనకెప్పుడూ తట్టలేదు.

"నాకూ సరిగా తెల్దు. యూట్యూబులో అందర్నీ అడుగుదామా?"

వీడియో పెట్టడానికి వాళ్లమ్మకు ఫోన్ చేసి సరేననిపించుకున్నాడు. మొహం వద్దంది పిల్ల. ఎత్తిన చెయ్యి, ప్రశ్న అడిగే గొంతు, అంతే పెట్టాడు. అర నిమిషం కూడా లేదు. కింద, "మా సారుకు కూడా తెలియదు. మీరు చూసి చెప్పండి" అని చౌడేశ్వరే రాసింది.

రెండో రోజు నుంచి జవాబులు మొదలయ్యాయి. మంగలిషాపు అద్దం ముందు వరసగా నిలబడి చేతులూపిన పిల్లలు. బీరువా ముందు నేల మీద అడ్డంగా పడుకుని చూసుకున్న ఒక పిల్లాడు. స్టీలు పళ్లెం తిప్పి తిప్పి చూసి, మాకు ఇంకో అనుమానం వచ్చింది అని రాసిన ఒక తరగతి. ఎవరో టీచరమ్మ, "ఇది మా పిల్లలూ అడిగారు, నేనే దాటేశాను" అని రాసింది.

వాటిని తరగతిలో చౌడేశ్వరి చదివి వినిపించింది. ఒకరినొకరు తోసుకుంటూ పిల్లలు బడిలో ఉన్న ఒక్క అద్దం ముందు చేరారు. ఓబులేసు ఫోను గోడ దగ్గరే వదిలేసి వాళ్ల మధ్యన నిలబడ్డాడు. కుడి చెయ్యి అద్దంలోనూ అటువైపే ఉందని, మనమే అద్దంలోకి పోయి ఇటు తిరిగి నిలబడినట్టు ఊహించుకుంటున్నామని మెల్లగా పట్టుకుంది వెనక వరుసలోని పిల్ల.

ఆ ఆదివారం సారుకు అన్నీ చెప్పాడు. చెప్పి, కాస్త నసిగాడు.

"చూసినోళ్లు తక్కువే సార్. పాతవాటికి వచ్చినోళ్లలో సగం మంది గూడా లేరు."

సారు పుస్తకం అంచుకు జిగురు రాస్తూ, తలెత్తకుండానే అడిగాడు.

"చెయ్యెత్తినోళ్లు ఎంతమందిరా?"