చక్రంలో రాజుగారి వాటా

వెనకటికి గువ్వలకొండ కోటలో రణకేసరి అనే రాజు ఉండేవాడు. మంచివాడే గానీ, తన్ను చూడందే ఎవరికీ పొద్దు గడవదని ఆయన నమ్మకం. అందుకే ఆ కోటలో సెలవన్న మాటే లేదు.

ఆయన కొలువులో హాస్యగాడు చెన్నుభట్టు. అతని భార్య అక్కమ్మ పుట్టింట్లో ఆడపిల్లను కన్నది. పిల్ల బోర్లాపడిందని కబురొచ్చింది, పాకుతోందని వచ్చింది, ఇప్పుడు గోడ పట్టుకుని నిలబడుతోందట. చెన్నుభట్టు ఇంకా బిడ్డ మొహమే చూడలేదు. సభలో అందరినీ నవ్వించేవాడు గానీ, విస్తరి ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు.

ఒకనాడు రాజు మీసం దువ్వుతూ, "చెన్నుభట్టూ, కోటలో కొలువు చేసే అరవైమందికీ మనసులో ఏ కోరిక ఉందో కనుక్కో. దాన్ని చక్రంగా గీసి సభలో చూపించు. చక్రమంతా నా దర్శనమే ఉంటుంది, చూడు!" అన్నాడు.

చెన్నుభట్టు అందరినీ అడిగివచ్చాడు. సభ మధ్య మేకు పాతి, తాడు కట్టి, ముగ్గుతో చక్రం గీశాడు.

"ప్రభూ, చక్రానికి మూడువందల అరవై అంశలు. మనుషులు అరవైమంది. తలకు ఆరంశలు."

ఇప్పటి పిల్లలు డిగ్రీలనేది ఆ అంశలనే.

ఇంటికి వెళ్ళాలన్నవాళ్ళు నలభైఅయిదుమంది. రెండువందల డెబ్బై అంశలు, చక్రంలో ముప్పాతిక, పసుపుతో నిండిపోయింది. అన్నంలో ఇంకాస్త నెయ్యి కావాలన్న పదిమందికి అరవై అంశలు. రాజదర్శనం కోరినవాళ్ళు అయిదుగురే. వాళ్ళ ముప్ఫై అంశల్లో కుంకుమ చల్లాడు.

రాజు మొహం కందగడ్డయింది. "నా వాటా ఇంతేనా? పెద్ద చక్రం గియ్యి!"

చెన్నుభట్టు తాడు రెట్టింపు వదిలి గీశాడు. కుంకుమ పెరిగింది. పసుపూ పెరిగి సింహాసనం మెట్లదాకా వచ్చింది.

"తాడెంత వదిలినా కోణం కదలదు ప్రభూ. తలల లెక్క మారితేనే అది మారేది."

"అయితే మార్చు!"

"చిత్తం. ఆ నలభైఅయిదుమందినీ ఇళ్ళకు పంపించండి. మిగిలేది పదిహేనుమంది. తలకు ఇరవైనాలుగంశలు. తమరిని కోరిన అయిదుగురికీ కలిపి నూటఇరవై! కూర్చున్నచోటే తమ వాటా నాలుగింతలు."

"భేష్! వాళ్ళందరికీ నెల్లాళ్ళు సెలవు!"

వెనక వరసలో ఒక ముసలి భటుడు ఈటె జారవిడిచి భోరుమన్నాడు. రాజు ఉలిక్కిపడి మళ్ళీ చక్రం వంక చూశాడు.

"ఓరి నీ అసాధ్యం కూలా! వాటా పెంచి కోట ఖాళీ చేయించావే! ఇంతకీ ఆ పసుపులో నీ తల ఉందా?"

"మొదటి ఆరంశలు నావే ప్రభూ. నా కూతురు వేసే మొదటి అడుగైనా చూడాలని ఉంది."

రాజు పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, మెడలో ముత్యాల హారం తీసి ఇచ్చాడు. "ఇది నీ పిల్లకు. నా గుర్రమెక్కి ఇప్పుడే బయల్దేరు."

అతను గడప తొక్కేసరికి పిల్ల గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఎవరో కొత్త మనిషి వచ్చాడని బెదిరి, గోడ వదిలేసి, తల్లివైపు రెండడుగులు వేసింది.

"చూశావుటే అక్కమ్మా, నడిచింది!" అని నవ్వుతూనే ఏడ్చాడు చెన్నుభట్టు.