ఊసరవెల్లి కళ్ళు విడిపోయిన రోజు

ఒకప్పుడు ఊసరవెల్లి కళ్ళు మన కళ్ళలాగే జోడుగా తిరిగేవి. కుడికి చూస్తే రెండూ కుడికే, కిందికి చూస్తే రెండూ కిందికే. ఒకటి అటు, ఒకటి ఇటు పోవచ్చన్న సంగతి దానికి కలలో కూడా తెలియదు.

రంగులు మార్చడం గురించి మాత్రం నన్నడక్కండి. అది అందరికీ తెలిసిందే. నేను చెప్పబోయేది దాని కళ్ళ గురించి. దగ్గరికి వెళ్ళి నిదానంగా చూసినవాళ్ళకే ఆ వింత కనబడుతుంది. మీలో అంత ఓపిక ఎంతమందికి ఉందో నాకు అనుమానమే!

ఆ రోజుల్లో నల్లమల అడవిలో ఒక ఊసరవెల్లి ఉండేది. దానికి అన్నీ తెలుసుకోవాలన్న ఆశ మహా ఎక్కువ. పొద్దున లేచింది మొదలు ప్రశ్నలే ప్రశ్నలు.

"వడ్రంగిపిట్టా, పొద్దస్తమానం చెట్టుకేసి తల బాదుకుంటావు, నెప్పెట్టదా?"

"నా పుర్రె ఎంత గట్టిదో నీకేం తెలుసు? ముక్కు వెనకాల..." అంటూ వడ్రంగిపిట్ట మొదలుపెట్టేది. అది సగం చెప్పేలోపే ఊసరవెల్లి చూపు చెట్టు కింద పోతున్న చీమల బారు మీద పడేది.

"చీమలూ చీమలూ, ముందు పోయినవాళ్ళు కనబడకపోయినా మీకు దారెట్లా తెలుస్తుంది?"

"వాళ్ళు నేల మీద వాసన వదిలిపెట్టి పోతారు. ఆ వాసన..." అని చీమలు చెబుతూనే ఉండేవి. ఊసరవెల్లి కళ్ళు అప్పటికే కొండ కింద పారే కృష్ణ మీదికి పోయేవి.

"కృష్ణమ్మా, నువ్వు పుట్టింది పడమటి కొండల్లోనట కదా! అక్కణ్ణుంచి పడమటి సముద్రం దగ్గరేనట. దాన్ని వదిలేసి ఇంత దూరం తూర్పుకెందుకు వచ్చావు?"

"నేల ఇటు వాలి ఉందిరా పిచ్చివాడా! నాకు దగ్గరా దూరమూ తెలియవు, వాలు ఒక్కటే తెలుసు. ఇంకా విను..." అనేది కృష్ణమ్మ. వినడానికి ఊసరవెల్లి ఉంటేగా! దాని రెండు కళ్ళూ ఆపాటికి నెమలి తోక మీద ఉండేవి.

ఇదంతా వినడానికి ముచ్చటగానే ఉంది. కానీ ఒకరోజు పిగిలిపిట్ట దాహమేసి నీళ్ళకు పోతూ, "కాస్త నా గుడ్లు చూస్తూ ఉండవూ?" అని ఊసరవెల్లిని అడిగింది. అది సరేనంది. ఇంతలో పక్కకొమ్మ మీద ఒక గొంగళిపురుగు తన చుట్టూ తాను గూడు అల్లుకోవడం మొదలుపెట్టింది. ఊసరవెల్లి నోరు తెరుచుకుని అటే చూస్తూ ఉండిపోయింది. ఇటు తిరిగేసరికి రెండు గుడ్లలో ఒకటి లేదు. పాము తినేసి పోయింది.

పిగిలిపిట్ట ఏడ్చిన ఏడుపు అడవంతా వింది. ఆ తర్వాత ఊసరవెల్లిని నమ్మి ఎవరూ ఏ పనీ చెప్పలేదు. ప్రశ్నలడిగితే జవాబు చెప్పేవాళ్ళు కూడా తగ్గిపోయారు. పాపం, అది తన తప్పు తనకు తెలిసి, ఆకుల్లో ఆకులా కలిసిపోయి కూర్చునేది.

ఆ కొండ మీదే ఒక చెంచుగూడెం ఉంది. అందులో ఈదన్న, అతని భార్య పోలక్క కొత్తగా కాపురం పెట్టారు. పోలక్క అప్పుడు ఆరో నెల గర్భిణి.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. అడవిలో తవ్వుకు తినే గడ్డలు ఎండిపోయాయి. కాళ్ళల్లో సత్తువ ఉన్న మగవాళ్ళంతా గడ్డలు వెతుక్కుంటూ దూరపు కొండలకు పోయారు. గూడెంలో పిల్లలు ఆకలికి అల్లాడుతున్నారు. దగ్గర్లో మిగిలింది ఒక్కటే, కొండ చరియకు వేలాడుతున్న తేనెపట్టు. ఆ చరియ దిగడం తెలిసినవాళ్ళలో, పోలక్కకు తోడుగా గూడెంలో ఆగిపోయింది ఈదన్న ఒక్కడే.

కొండతేనె తియ్యడమంటే ఆటకాదు. నిలువునా కోసినట్టుండే చరియ అది. పైన చెట్టుకు తీగలతో పేనిన తాడు కట్టి, దాన్ని పట్టుకుని దిగాలి. ఆ తాడుకు ఎవరు పడితే వాళ్ళు కాపలా ఉండకూడదు. దిగినవాడి బావమరిదే, అంటే అతని పెళ్ళాం తోడబుట్టినవాడే, ఉండాలి. ఎందుకో తెలుసా? సొంత అన్నదమ్ముల మధ్య ఏదో ఒక కోపం ఉండొచ్చు. బావమరిదికి బావ మీద ఎంత కోపమున్నా అక్క మీద ప్రేమ ఉంటుంది. అక్క బతుకు ఆ తాడుకే వేలాడుతోందని వాడికి తెలుసు. అందుకే కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తాడు. మిగతావాళ్ళు దూరంగా పెద్ద బండ వెనక కూర్చుంటారు. కాపలావాడు కేకేస్తేనే వస్తారు.

పోలక్కకు అన్నలూ లేరు, తమ్ముళ్ళూ లేరు.

"నేనొక్కణ్ణే దిగుతా. పిల్లోళ్ళ ఏడుపు వినలేకుండా ఉండా," అన్నాడు ఈదన్న.

"తాడు చూసేటోడు లేకుండా దిగుతావా? నన్నూ, కడుపులో బిడ్డనూ ఏం చేద్దామనుకున్నావు మావా?" అంది పోలక్క. అని, అక్కడ నిలబడలేక, మద్దిచెట్టు కిందికి పోయి కూర్చుని ఏడ్చింది.

ఆ చెట్టు మీదే మన ఊసరవెల్లి ఉంది. ఏడుస్తున్న మనిషిని చూసి అడగకుండా ఉంటుందా?

"ఎందుకేడుస్తున్నావు?"

పోలక్క మొదటినుంచి చివరిదాకా చెప్పింది. ఆశ్చర్యం! ఊసరవెల్లి కూడా మొదటినుంచి చివరిదాకా వింది. మధ్యలో ఒక సీతాకోకచిలుక ముక్కు మీదుగా పోయినా అటు చూడలేదు.

"నేనుంటాను నీకు తమ్ముడిగా," అంది మెల్లగా.

"వద్దు పోలక్కా, దాన్ని నమ్మొద్దు!" అని పక్కకొమ్మ మీంచి పిగిలిపిట్ట అరిచింది. "నా గుడ్డును పాము నోట్లో పెట్టింది అదే."

"నిజమేనా?" అని అడిగింది పోలక్క.

"నిజమే," అంది ఊసరవెల్లి. "అటు చూస్తూ ఇటు మరిచిపోయాను. నా తప్పే."

 పోలక్క దోసిట్లో నీళ్ళు పట్టి దానికి తాగించింది. "తప్పు దాచుకోలేదు నువ్వు. నాకది చాలు. ఈ పొద్దు నుంచి నువ్వు నా తమ్ముడివి," అంది.

గూడెంపెద్ద గురవయ్య ఆ మాట విని గడ్డం గోక్కున్నాడు.

"ఊసరవెల్లి బామ్మర్ది ఏందమ్మా? బామ్మర్దంటే ఊరికేనా? బావతో ఎకసెక్కాలాడాల, పండక్కి అలగాల. దీనికి అలగడం వచ్చునా?"

"నేర్చుకుంటాను తాతా," అంది ఊసరవెల్లి.

ఈదన్న పకపకా నవ్వాడు. "ఏం బామ్మర్దీ, మీ అక్కను నాకిచ్చేటప్పుడు నువ్వు యాడున్నావు? కట్నంగా రెండు మిడతలన్నా ఇచ్చినావు కాదే!"

"ఇచ్చుంటే నువ్వు తినేవాడివా బావా?" అంది ఊసరవెల్లి. గూడెంలో చాలారోజుల తర్వాత అందరూ నవ్వారు.

మర్నాడు ఎండ బాగా ఎక్కాక ఈదన్న తాడును చెట్టుకు కట్టాడు. అది వాళ్ళ నాన్న నాటి తాడు. ఎన్నేళ్ళ తేనె ఇంకిందో గానీ, తీయగా వాసనేస్తోంది. చెంచులు మంచి తాడును కడగరు, కడిగితే పట్టు పోతుందని వాళ్ళ నమ్మకం. ఆ వాసన ఎంత దూరం పోతుందో ఎవరూ ఆలోచించలేదు.

పోలక్క తమ్ముణ్ణి ముడికి ఎదురుగా ఉన్న కొమ్మ మీద కూర్చోబెట్టింది. "తాడు మీంచి చూపు తియ్యొద్దు నాయనా," అని చెప్పి అందరితో పాటు బండ వెనక్కి పోయింది. ఈదన్న తేనెటీగలను తోలే పచ్చాకుల పొగ చుట్టను నడుముకు కట్టుకుని, బుట్ట వీపుకు తగిలించుకుని దిగిపోయాడు.

ఊసరవెల్లి తాడును చూస్తూ కూర్చుంది.

కొండ అంచుకు అది రావడం ఇదే మొదలు. కింద ఎక్కడో కృష్ణ మలుపు తిరుగుతోంది. ఆకాశంలో గద్దలు తన కన్నా కిందుగా ఎగురుతున్నాయి. గద్ద పొట్టను అందరూ చూస్తారు, వీపు ఎలా ఉంటుందో ఎవరు చూశారు? ఒక్కసారి, ఒకే ఒక్కసారి కళ్ళు తిప్పితే తెలిసిపోతుంది!  అయినా ఊసరవెల్లి తిప్పలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ముడినే చూసింది.

అప్పుడు పొదలు కదిలాయి. ఎలుగుబంటి వచ్చింది. ముక్కు ఎగబీలుస్తూ నేరుగా చెట్టు దగ్గరికి వచ్చి, ముడిని నాకింది.

"ఆహా! ఎన్నేళ్ళ తేనె ఇది! కాస్త నమిలితే ఇంకా ఊరుతుంది," అంది.

"ఎలుగుమామా, నమలొద్దు! దాని చివర మా బావ ఉన్నాడు!"

"ఊసరవెల్లికి బావేమిట్రా? సరేగానీ, అదిగో చూడు, తెల్ల నెమలి పోతోంది!"

అడవిలో అందరికీ తెలిసిన సంగతే అది. ఊసరవెల్లి చూపు మళ్ళించడం ఎంతసేపు? కానీ ఈసారి చూపు మళ్ళలేదు. కళ్ళు తన మీదే ఉంటే ఎలుగుబంటికి నమలబుద్ధి కాలేదు. దొంగపని ఎవరైనా చూస్తుండగా చెయ్యలేం కదా! ముడి దగ్గరే చతికిలబడి, "ఎప్పుడో ఒకప్పుడు తిప్పకపోతావా!" అని కాచుకుంది.

ఊసరవెల్లి గొంతు చించుకుని అక్కను పిలిచింది. గాలి కొండమీంచి లోయలోకి వీస్తోంది. ఆ సన్నని గొంతు బండ వెనక్కి చేరలేదు, లోయలోకే పోయింది.

లోయలోంచి జవాబుగా ఈదన్న కేక వినబడింది.

"బామ్మర్దీ! పొగ ఆరిపోయింది! ఈగలు కళ్ళ మీద కుట్టినాయి. రెప్పలు తెరుచుకోవడంల్యా! కాలు యాడ పెట్టాలో చెప్పు, చేతులు జారిపోతాండాయి!"

 కిందికి చూసి దారి చెబితే, ఎలుగుబంటి తాడు కొరుకుతుంది. తాడును చూస్తూ ఉంటే, బావ చెయ్యి జారి పడతాడు. ఎటు చూసినా ఒకవైపు మరిచిపోయినట్టే. మరిచిపోతే ఏమవుతుందో దానికి బాగా తెలుసు. ఒక గుడ్డు పోయింది. ఇప్పుడు పోయేది అక్క మొగుడు.

"ఒకటి ఇక్కడే ఉండాలి. ఒకటి కిందికి పోవాలి," అనుకుంది. నాలుగు కాళ్ళతో కొమ్మను గట్టిగా పట్టుకుంది. పళ్ళు బిగించి, పుట్టినప్పటినుంచీ కలిసి తిరిగిన రెండు కళ్ళనూ చెరోవైపుకు లాగింది.

ఎంత నొప్పి! కళ్ళు గుబ్బల్లా పైకి ఉబ్బాయి. చుట్టూ తోలు సాగి సాగి కళ్ళను కప్పేసి, నడుమ చిన్న బెజ్జం మాత్రం మిగిలింది. అయినా ఆపలేదు. లోపల ఏదో పుటుక్కుమంది. ఎడమకన్ను తాడు ముడి మీదే నిలిచింది. కుడికన్ను జరజరా కిందికి దిగింది.

"బావా! ఎడంకాలు జానెడు కిందికి దించు, అక్కడ రాయి ఉంది! ఆఁ, అదే! ఇప్పుడు కుడిచెయ్యి పైకి, ఇంకా పైకి, వేరు తగులుతుంది చూడు!"

ఎలుగుబంటి చటుక్కున ముడిలో పళ్ళు పెట్టబోయింది.

"నీ పళ్ళు కనబడుతున్నాయి మామా," అంది ఊసరవెల్లి, కిందికి చూస్తూనే.

ఎలుగుబంటి తలెత్తి చూసింది. ఒక కన్ను లోయలో ఉంది. ఒక కన్ను తన నోట్లోకే చూస్తోంది! దాని వీపు మీద బొచ్చంతా నిక్కబొడుచుకుంది. "ఇదేం చూపురా నాయనా!" అంటూ పొదల్లో పడి పారిపోయింది.

ఎలుగుబంటి పోయింది కదా అని ఊసరవెల్లి అటు ముడిని వదల్లేదు. ఇటు మాట ఆపలేదు. ఒక్కో రాయీ, ఒక్కో వేరూ చెబుతూ, జానెడు జానెడు చొప్పున బావను పైకి తెచ్చింది. ఈదన్న కొండ అంచు మీదికి పాకి, బోర్లాపడి, నేలను రెండు చేతులతో వాటేసుకున్నాడు. మొహం గుమ్మడికాయలా వాచింది. వీపు మీద బుట్టలో సగం పట్టు భద్రంగా ఉంది.

"బామ్మర్దీ, యాడున్నావు? నాకు కనబడవు," అన్నాడు తడుముకుంటూ.

"ఇక్కడే బావా. నాకు కనబడుతున్నావులే," అంది ఊసరవెల్లి.

ఈదన్న గొంతు విని పోలక్క పరిగెత్తుకొచ్చింది. మొగుడి మొహం తడిమింది, చేతులు తడిమింది, ప్రాణాలతో ఉన్నాడని నమ్మకం కుదిరాక తమ్ముడివైపు తిరిగింది.  దాని కన్ను ఒకటి తనను చూస్తోంది. రెండోది ఇంకా తాడు ముడి మీదే ఉంది.

"అయిపోయింది తమ్ముడూ. తాడుకు ఎవరూ లేరిప్పుడు. ఇక చాలు, రెండూ నా దిక్కు తిప్పు."

ఊసరవెల్లి తిప్పాలని చూసింది. రాలేదు. పోలక్క దాన్ని చేతుల్లోకి తీసుకుని చెంపకు ఆనించుకుని బావురుమంది.

"ఏడవకక్కా," అంది ఊసరవెల్లి. "నేను చూడకుండా ఉండలేను. ఇన్నాళ్ళూ చూస్తే మరిచిపోయేవాణ్ణి. ఇప్పుడు చూడొచ్చు, మరిచిపోకుండానూ ఉండొచ్చు. నాకిదే బాగుంది."

పోలక్క కళ్ళు తుడుచుకుని, గడ్డిలోంచి ఒక లావుపాటి మిడతను తెచ్చి ముందు పెట్టింది. ఎక్కడ లేని ఆశతో రెండు కళ్ళూ ఒక్కసారి మిడత మీద కలిశాయి. నాలుక సర్రున సాగింది. మిడత మాయం. మరుక్షణం కళ్ళు మళ్ళీ దేని దారి అది పట్టాయి.

ఆ సాయంత్రం గూడెంలో పిల్లలు మోచేతులదాకా తేనె కార్చుకుంటూ తిన్నారు. గురవయ్య అందరినీ కూర్చోబెట్టి, ఊసరవెల్లి మీద ఎవరైనా రాయి విసిరితే ఈదన్న బామ్మర్దిని కొట్టినట్టేనని గట్టిగా చెప్పాడు. మీకు కూడా అదే చెబుతున్నాను. కంచె మీద కనబడితే రాయి తియ్యకండి, దగ్గరికి పోయి కళ్ళు చూడండి.

అప్పటినుంచే ఊసరవెల్లి కళ్ళు దేనికది విడిగా తిరుగుతున్నాయి. ఒకటి కొమ్మల్లో, ఆకుల్లో, ఆకాశంలో తిరిగి తిరిగి లోకమంతా చూసుకుంటుంది. రెండోది ఒక్కచోటే నిలిచి, ఇంకా ఎవరో తాడు పట్టుకుని కింద ఉన్నట్టు, కాపలా కాస్తూనే ఉంటుంది.