రాజుగారి భోజనానికి తెర తీసేసిన పోలప్ప

తొమ్మిది కొండలు దాటి, పదోది ఎక్కకుండా ఆగితే అక్కడొక రాజ్యం ఉండేది. దాన్ని ప్రచండసేనుడు ఏలేవాడు. ఆయన మీసాలు సభలోకి వచ్చిన గడియకు గానీ ఆయన వచ్చేవాడు కాదు. ఆయన గర్వం కొలవడానికి ఊళ్ళో కుంచాలు చాలవు.

ఆయన దగ్గర వడ్డనల పెద్ద పోలప్ప. పదిమంది కళ్ళు పడితే దిష్టి తగులుతుందని రాజుగారు తెర చాటునే భోంచేసేవాడు. ఆ తెర కట్టేదీ విప్పేదీ పోలప్పే.

పోలప్పకు అడవి అంచున తాతలనాటి చేనుంది. అందులో సగం చెట్లకీ జింకలకీ వదిలేశారు. ఏటా ఇంటిల్లిపాదీ ఎండిన మాన్లు తీసేసి, గుబురు కొమ్మలు కొట్టి, నేలకు ఎండ తగలనిచ్చేవాళ్ళు. పచ్చిక తన్నుకొచ్చేది. రేగుపొదల జోలికి మాత్రం పోరు. జింకలు పిల్లల్ని దాచుకునేది అక్కడే. లక్ష జింకలుండేవి. కాదన్నవాళ్ళు వచ్చి లెక్కపెట్టుకోవచ్చు.

వాటిని చూద్దామని రాజుగారు చేనికెదురుగా మేడ కట్టించాడు. నెల్లాళ్ళు కూర్చున్నా తోకైనా కనబడలేదు.

"రేపు ఆ పొదలన్నీ నరికిస్తాను. జింకలు నా కళ్ళెదుట మేయాలి," అన్నాడు.

పోలప్ప ఇంటికొచ్చి చెబితే భార్య అచ్చక్క చేతిలో చాట కింద పెట్టేసింది. "పొద పోతే ఒక్క జింకా నిలవదు. మామగారు కాపాడిన పొదలయ్యా అవి. రోజూ రాజుగారికి అన్నం పెడతావు, ఆ మాత్రం నచ్చజెప్పలేవూ?"

"చెబితే వినే రకం కాదే. తినిపించాలి," అన్నాడు పోలప్ప.

మర్నాడు గొడ్డళ్ళవాళ్ళను వెంటేసుకుని రాజుగారు వచ్చాడు. "ముందు భోజనం కానివ్వండి మహాప్రభూ," అంటూ పోలప్ప మేడ ముందున్న బీడు నట్టనడుమ పీట వేశాడు. ఊరు ఊరంతా చుట్టూ మూగింది.

"తెర ఏదయ్యా?"

"తీసేశాను ప్రభూ. జింకల్ని చూడాలని తమకెంత ముచ్చటో, తమరిని చూడాలని జనానికీ అంతే. కానివ్వండి."

రాజుగారు ముద్ద కలిపాడు. వెయ్యి తలలు ముందుకు వంగాయి.

"అంత నెయ్యే?" అందొక ముసలమ్మ.

"పెద్ద ముద్దే. నోట్లో పడుతుందంటావా?" అన్నాడు ఆమె పక్కనున్నాయన.

ముద్ద గొంతులో అడ్డం తిరిగింది. "పోలప్పా, నీకు పుణ్యముంటుంది, తెర కట్టు. ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయి," అన్నాడు రాజుగారు.

"చుట్టూ ఉన్నది తమ జనమే ప్రభూ. ఒక్కరికీ కోరల్లేవు. జింకకు అన్ని వైపులా చిరుతలూ తోడేళ్ళూనాయె. దాని తెర ఆ రేగుపొదే. అది కొట్టేస్తే దానికి మేత దిగుతుందా?"

పోలప్ప తన తల మెడ మీదే ఉందో లేదో తడిమి చూసుకున్నాడు. ముందు రాజుగారి బొజ్జ కదిలింది, తర్వాత భుజాలు. ఆ నవ్వుకు కొండ మీద రాళ్ళు దొర్లాయి.

"బాగా తినిపించావయ్యా," అంటూ చేతి కడియం తీసి పోలప్పకు తొడిగాడు. మేడ ముందున్న బీడంతా అతని కుటుంబానికి రాసిచ్చి, గొడ్డళ్ళవాళ్ళ చేతనే అక్కడ రేగుమొక్కలు నాటించాడు. "మరి జింకల్ని నేను చూసేదెలా?"

"ఈసారి తమరే తెర వెనక కూర్చోండి ప్రభూ."

రెండు వానాకాలాలు గడిచాయి. ఒక ఉదయం రాజుగారు పొదలో గొంతుక్కూర్చున్నాడు. ఒక తల్లి జింక పిల్లతో వచ్చి పచ్చిక కొరికింది. వెనకనున్న భటుడు మెడ సాచాడు.

రాజుగారు వాడి తల పట్టుకుని పక్కకు తిప్పాడు. "అటు చూడవయ్యా," అన్నాడు గుసగుసగా. "అమ్మాయి భోంచేస్తోంది."