చెయ్యి వణికిందన్న మాట

ఎవరేమడిగినా పానకాలు మాస్టారు నోటితో జవాబు చెప్పేవారు కాదు, పనిలోకి తీసుకుపోయేవారు. విమానం నడపడం నేర్పే ఒక చిన్న స్కూల్లో ఆయన పెద్ద మెకానిక్కు. ఆ మధ్యాహ్నం శిష్యుడు అంకినీడు ఆయన్ని అడిగాడు: "మాస్టారూ, మీటరు ఒకటి చెప్పి మనిషి ఇంకొకటి చెబితే ఎవరిని నమ్మాలి?"

నిజానికి అతను జవాబు తేల్చుకునే అడిగాడు. రెండు సీట్ల శిక్షణ విమానంలో, ఇంజను వేగం చూపే మీటరు ముల్లు ఉండుండి ఎగిరిపడుతోందని పొద్దున ఇన్‌స్ట్రక్టరు వచ్చి చెప్పాడు. నడిపింది సలోమి అనే విద్యార్థిని. అంకినీడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఇంజను వేగం పెంచి తగ్గించే థ్రాటిల్ పిడిని తనే పట్టుకుని, నేలమీదే ఇంజను నడిపి చూశాడు. ముల్లు మేకు కొట్టినట్టు నిలబడింది.

"సార్, నేను టవర్‌తో..." అని ఆ పిల్ల ఏదో చెప్పబోయింది.

"నోరు మూసుకుని కూర్చో తల్లీ, ఇది కళ్ళతో చూసే పని" అన్నాడు.

దిగొచ్చి షెడ్డులో అందరి ముందూ తీర్పు చెప్పేశాడు: "మీటరు శుభ్రంగా ఉంది. థ్రాటిల్ మీద ఆ అమ్మాయి చెయ్యే వణుకుతోంది." మర్నాడు ఆమె మొదటిసారి ఒంటరిగా ఎగరాల్సింది. దాన్ని అక్కడికక్కడే ఆపేశారు. చెయ్యి నిలకడ లేదని పేరు పడ్డాక విమానం ఎవరిస్తారు? యంత్రాన్ని విప్పి చూడాలంటే ఒళ్ళు వంగాలి. ఆడపిల్ల మీద నెపం వెయ్యడానికి నాలుక కదిలితే చాలు.

అంకినీడు ప్రశ్న విని మాస్టారు సలోమిని పిలిపించి ఇద్దర్నీ విమానం ఎక్కించారు. చక్రాలకు దిమ్మలు అడ్డం పెట్టారు. "అమ్మాయ్, చేతులు ఒళ్ళో పెట్టుకో. నువ్వు నడుపు అంకినీడూ. ఇంజను అందుకున్నాక రేడియోలో కంట్రోల్ టవర్‌ను పలకరించు" అన్నారు.

ఇంజను అందుకుంది. ముల్లు కదల్లేదు. అంకినీడు ధీమాగా బటన్ నొక్కి మాట్లాడాడు. ముల్లు కప్పలా గెంతింది. బటన్ వదిలాడు, నిలిచింది. నొక్కాడు, మళ్ళీ గెంతింది. థ్రాటిల్ మీద ఉన్నది తన చెయ్యే. పొద్దున అతను రేడియో ముట్టనేలేదు. చెప్పబోయిన మనిషిని చెప్పనివ్వనూ లేదు.

ఇంజను ఆపాక సలోమి నవ్వకుండా అడిగింది: "మీకూ చెయ్యి వణుకుతుందా సార్?"

అంకినీడు తల వంచుకుని మీటరు పలక విప్పాడు. వెనక ఎర్తు వైరు వదులై ఉంది; రేడియో బటన్ నొక్కినప్పుడల్లా ఆ కరెంటు ముల్లును ఎగరేస్తోంది. బిగించడానికి లోపలికి దూరినవాడు, పని అయిపోయినా బయటికి రావడానికి జంకాడు. ఎలాగో వచ్చి, మళ్ళీ ఇంజను వేసి మాట్లాడి చూశాడు. ముల్లు నిలకడగా ఉంది. దిగి, చేతులు తుడుచుకుంటూ, "బిగించేశాను మాస్టారూ. ఇక గొడవ లేదు" అన్నాడు.

"వైరు సంగతి సరే" అన్నారు మాస్టారు. "పొద్దున నీ మాట విన్నవాళ్ళంతా ఇప్పుడు క్యాంటీన్లో టీ తాగుతున్నారు. పో."